పరికరం గ్రామానికి నీళ్ళు

నీళ్ళు పల్లానికి పారతాయి. ఈ సంగతి పల్లపుగరువులో గొడ్డూ గోదకి కూడా తెలుసు. కాని ఆ ఏడాది దాళ్వా వరిచేలు పొట్టమీదికొచ్చే వేళకి నీటి వ్యవహారాల శాఖవారికి దానిమీద అనుమానం పుట్టింది. నీళ్ళు పారుతున్నాయనడానికి సాక్ష్యం ఏమిటి? తూము కాసే లస్కరు చెబుతున్నాడు. లస్కరు మాట ఏ రిజిస్టరులో చెల్లుతుంది? ఆలోచించి ఆలోచించి ‘జలసాక్షి’ అని ఒక యాప్ తయారు చేయించారు.

ఇకమీదట ఏ కాలవ మీద ఏ షట్టరు లేపాలన్నా లస్కరు ముందు ఆ షట్టరు ఫోటో తియ్యాలి. తన మొహం ఫోటో తియ్యాలి. కిందనున్న నీళ్ళ ఫోటో తియ్యాలి. మూడూ యాప్‌లో ఎక్కిస్తే పైనుంచి అనుమతి దిగుతుంది. దిగాక షట్టరు లేపాలి. అనుమతి లేకుండా లేపితే అది నీటి చౌర్యం. “నీటి ప్రవాహము యొక్క విశ్వసనీయతను పెంపొందించుటకై” అని ఉత్తర్వులో రాశారు. అంటే గోదారి ఇన్నాళ్ళూ నమ్మకం లేకుండా పారిందన్నమాట.

నేలపాటి ఏసుపాదం పల్లపుగరువు తూముకి లస్కరు. షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు ఇరవయ్యారేళ్ళుగా అతని చేతిలోనే ఉంది. రోజుకూలీ లెక్కన చేరాడు, రోజుకూలీ లెక్కనే ఉన్నాడు. పర్మనెంటు చేసే ఫైలు పదకొండేళ్ళు బల్లబల్లకీ తిరిగి తిరిగి ఈ మధ్యే ఆఖరి బల్ల ఎక్కిందని చెప్పారు. “ఇప్పుడు నీ మీద చిన్న మచ్చ పడినా ఆ ఫైలు కిందికి దొర్లుతుంది, జాగ్రత్త” అని కూడా చెప్పారు. ఏసుపాదం జాగ్రత్తగానే ఉన్నాడు. కాలవగట్టు మీద గట్టిగా దగ్గడం కూడా మానేశాడు.

సోమవారం పొద్దున్న శివారు వంతు మొదలైంది. ఎగువవాళ్ళ వంతు అయిపోయి, కాలవ చివర నలభై రెండెకరాలకి తొమ్మిది రోజులు నీళ్ళు రావాలి. తొమ్మిదో రోజు సాయంత్రంతో వంతు సరి. ఆ తరవాత లంకల వైపు మళ్ళించేస్తారు. పొట్టమీదున్న చేనుకి నీరందకపోతే వచ్చేది కంకి కాదు, తాలు.

తూము దగ్గరికి మట్టపర్తి చంద్రమ్మ పార భుజాన వేసుకుని తెల్లారేసరికే వచ్చి కూచుంది. ఆవిడది కాలవకి ఆఖర్న రెండెకరాల కౌలు చేను. మొగుడు పోయాక తనే చేస్తోంది.

“ఏంటన్నా, షట్టరు లేపవేంటి?”

“ఉండమ్మా. సాక్షి దిగుతున్నాడు.”

“ఎక్కడ్నించి?”

“పైనించి.”

చంద్రమ్మ ఆకాశం వంక చూసింది. ఏసుపాదం ఫోను వంక చూశాడు. అది అతని మేనల్లుడు వాడి వాడి వదిలేసిన ఫోను. అద్దం మీద మూలనుంచి మూలకి బీట. వెనక డొప్ప ఊడకుండా రబ్బరు బాండు. బొటనవేలితో ‘ఇన్‌స్టాల్’ అన్నచోట నొక్కాడు. చిన్న గుండ్రం తిరిగింది, తిరిగింది, ఆగి, ముద్దుగా తెలుగులో ఒక మాట చెప్పింది:

“మీ పరికరంలో తగినంత స్థలం లేదు.”

ఏసుపాదం ఖాళీ చెయ్యడం మొదలెట్టాడు. చర్చి పాటలు తీసేశాడు. మేనల్లుడి పెళ్ళి వీడియో తీసేశాడు. నిరుడు అమ్మేసిన గేదె ఫోటోలు నాలుగుంటే, మూడు తీసేసి ఒకటి చూసుకుని, అదీ తీసేశాడు. మళ్ళీ నొక్కాడు. స్థలం లేదు.

ఫోనుతో పుట్టుకొచ్చినవి కొన్ని ఉన్నాయి. విమానం టిక్కెట్లది ఒకటి. షేర్లది ఒకటి. ఏసుపాదానికి తెలిసిన షేరల్లా అమలాపురం వెళ్ళే షేరు ఆటో. వాటిని తీసెయ్యబోతే “ఇది తీయుటకు వీలుపడదు” అంది ఫోను. ఇక మిగిలినవి శాఖవారివి. అవి ఏడు. హాజరు వేసేది. వేసిన హాజరు నిజమేనని ఒప్పుకునేది. రోజూ పొద్దున్నే ప్రతిజ్ఞ చేసేది. మనసు ప్రశాంతంగా ఉంచేది. శిక్షణది. శిక్షణ ఎలా ఉందో అభిప్రాయం చెప్పేది. ఫోనులో ఎన్ని యాప్‌లున్నాయో పైవాళ్ళకి లెక్క చెప్పేది. వీటిలో ఏది తీసినా ఆ రోజు కూలి పోతుంది.

“నీళ్ళు అవుగో, తలుపుకి ఆనుకుని నిలబడ్డాయి,” అంది చంద్రమ్మ. “హ్యాండిలు ఇదుగో నీ చేతిలో ఉంది. నాలుగు తిప్పులు తిప్పితే చాలుగదా.”

“ఎగువ తూము లస్కరు తిప్పాడమ్మా పొద్దున్న. పదింటికల్లా చౌర్యం నోటీసు వచ్చేసింది.”

“వాడు తిప్పినట్టు వాళ్ళకెలా తెలిసింది?”

“నీళ్ళు పారాయిగదా.”

“ఆహా,” అంది చంద్రమ్మ. “అంటే నీళ్ళు పారితే దొంగతనం దొరికిపోద్ది. పారకపోతే అందరూ దొరలే.”

మధ్యాహ్నం ఏసుపాదం సెక్షనాఫీసుకెళ్ళాడు. ఏఈ గారు కుర్రవాడే, మంచివాడే. గోడమీద తెర ఒకటి పెట్టుకుని దానివంక చూస్తూ బతుకుతున్నాడు. ఆ తెరమీద ఏ తూముకి ఆ తూము ఒక చుక్క. చుక్క పచ్చగా ఉంటే ఏఈ గారు టీ తాగుతారు. ఎర్రబడితే మాత్ర వేసుకుంటారు.

“నిల్వ సామర్థ్యం లేని పరికరం నువ్వెందుకు వాడుతున్నావయ్యా?”

“ఆయ్, శాఖవారొకటి ఇప్పిస్తే వాడతానండి.”

“ఉత్తర్వులో ‘లస్కరు తన స్వంత పరికరమున’ అని స్పష్టంగా ఉంది. స్వంతం అంటే ఏమిటి? శాఖది కానిది.”

“పోనీ ఆ ఏడింట్లో ఒకటి తీసెయ్యమంటారా? మనశ్శాంతిది తీసేస్తానండి. అది తీస్తేగాని నాకు ఉండేలా లేదు.”

“క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుంది.”

“పోనీ మీ ఫోనులో వేసి లేపించండి బాబూ.”

“నా ఫోనులో నా మొహమే పడుతుంది.”

“పడనియ్యండి. నా మొహంకన్నా బాగానే ఉంటదిగా.”

“ఏసుపాదం! అక్కడ లస్కరు మొహం పడాలి. నేను అధికారిని.” ఏఈ గారు కాస్త నొచ్చుకున్నారు. “నువ్వొక పని చెయ్యి. అర్జీ పెట్టు. అర్జీల పోర్టల్‌లో ప్రతిదానికీ గడువు ఉంటుంది. తప్పించుకోడానికి ఎవరికీ వీల్లేదు.”

ఏసుపాదం అయిదో తరగతిలో బడి మానేసిన చేత్తో కుదురుగా రాశాడు: “అయ్యా, నేను పల్లపుగరువు తూము లస్కరును. నా పరికరంలో తగినంత స్థలం లేదని వచ్చుచున్నది. కావున తమరు దయయుంచి స్థలం ఇప్పించవలెనని ప్రార్థన.” ఆఫీసు ఆపరేటరు దాన్ని పోర్టల్‌లోకి ఎక్కించాడు. అక్కడ అర్జీ సారాంశం పది మాటలకి మించకూడదు. అతను ఎందుకొచ్చిన పది అనుకుని మూడు మాటలతో సరిపెట్టాడు: “పరికరంలో స్థలం లేదు.”

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. “తమ అర్జీ పరిష్కార నిమిత్తం రెవిన్యూ శాఖకు బదిలీ చేయడమైనది.”

“చూశావా,” అన్నారు ఏఈ గారు. “నాలుగు నిమిషాలు! మీ నాన్న హయాంలో జరిగేదా ఇది?”

“స్థలం వచ్చిందాండి?”

“బదిలీ అయింది.”

స్థలం అన్న మాట కనబడితే చాలు, పోర్టల్ దాన్ని రెవిన్యూకి తోలేస్తుంది. అది దాని ధర్మం. రెవిన్యూ ఆఫీసులో అర్జీ చదివారు. పరికరంలో స్థలం లేదు. సరే, ఎవడో ఇళ్ళ స్థలం కోసం మొరపెట్టుకున్నాడు. ఊరు పరికరం. భీమవరంలో, రావులపాలెంలో అన్నట్టు పరికరంలో. మండలంలో ఇరవై రెండు ఊళ్ళున్నాయి. ప-అక్షరం కింద నాలుగున్నాయి. పరికరం లేదు. పక్క మండలాన్ని అడిగారు. “మా పరిధిలోనిది కాదు” అని ఒళ్ళు దులుపుకుంటూ వాళ్ళు రాశారు. పాత సర్వే బొత్తులు తీశారు. మిడతలదండంత ధూళి వచ్చింది గాని ఊరు రాలేదు. ఏ ఏటిలోనో కలిసిపోయిన ఊరై ఉంటుందని ఒకరు, వేరే ఊరికి శివారు గూడెం అయి ఉంటుందని ఇంకొకరు. ఫోను అయి ఉంటుందని మాత్రం ఎవరూ అనలేదు. స్థలం చూసేది రెవిన్యూ. ఫోన్లు చూసేది వాళ్ళ పని కాదు.

గురువారం మధ్యాహ్నం మండల సర్వేయరు దయానిధి గారు మోటారు సైకిలు మీద తూము దగ్గరికి దిగారు. టేపూ, బొత్తీ చంకలో ఉన్నాయి. ఎండకి మొహం కందిపోయింది.

“ఏసుపాదం అంటే నువ్వేనా? పరికరానికి ఎటు పోవాలి?”

“ఎటూ పోనక్కర్లేదండి. ఇదుగో.” ఏసుపాదం జేబులోంచి ఫోను తీసి చప్టామీద పెట్టాడు.

దయానిధి గారు దాన్ని చూశారు. ఏసుపాదాన్ని చూశారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. చెరువు లేనిచోట చెరువు కొలిచారు, చెరువు ఉన్నచోట ఇళ్ళు కొలిచారు. ఆయన కంగారు పడలేదు.

“ఇది ఫోను,” అన్నారు.

“ఆయ్.”

“రికార్డులో గ్రామం.”

“మరెలాగండి?”

“రికార్డు మార్చాలంటే కలెక్టరు దాకా పోవాలి. ఫోనైతే ఇక్కడే ఉంది.” టేపు విప్పారు. “పట్టుకో ఆ కొస.”

చంద్రమ్మ బోదెకాలవ గట్టుమీంచి లేచి వచ్చింది. “ఏం కొలుస్తున్నారు బాబూ?”

“ఊరమ్మా.”

“ఓలమ్మ! మా ఊరికన్నా నున్నగా ఉందే. రోడ్లు ఎవరేశారు?”

సర్వేయరు గారు ఆవిడ మాట చెవిన పెట్టలేదు. ఆరంగుళాల పొడుగు, మూడంగుళాల వెడల్పు. సెంటులో సుమారు మూడువేల నాలుగువందల ఎనభై అయిదో వంతు. హద్దులు రాసుకున్నారు. తూర్పున కాలవ. ఉత్తరాన షట్టరు. దక్షిణాన బీడీకట్ట. పడమర నేలపాటి ఏసుపాదం.

“గ్రామకంఠం?”

ఏసుపాదం ఫోను తిరగేసి కింద చిల్లులు చూపించాడు. “కంఠం ఇదేనండి. కొంచెం బొంగురు.”

“జనాభా?”

“సిమ్ములు రెండు పట్టుద్దండి. కాపరం ఉంటున్నది ఒకటే.”

“ఆక్రమణలు ఏమన్నా ఉన్నాయా?”

ఈ ప్రశ్న కోసమే ఏసుపాదం పుట్టినట్టున్నాడు. “ఉన్నాయండి! పదహారు జీబీ ఊరు. సగం పైన ఫోను కట్టినోళ్ళే పునాది కింద తినేశారు. మిగిలినదాంట్లో ఏడుగురు పాగా వేశారు. కదలరు. కదిపితే కూలి కోస్తారు.”

“పేర్లు చెప్పు, నోటీసులు పంపుదాం. ఎవరు వాళ్ళు?”

“నీటి వ్యవహారాల శాఖండి.”

దయానిధి గారి కలం ఆగింది. ఆ గడి పక్కన ‘ఆక్రమణలు లేవు’ అని రాసి మూత పెట్టేసుకున్నారు.

“బాబూ,” అంది చంద్రమ్మ, ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. “ఇయ్యాల్టికి నాలుగు రోజులు. అటు చూడండి, నా చేలో నెర్రెల్లో వేలు పట్టుద్ది. ఇంకో నాలుగు రోజులైతే చెయ్యి పట్టుద్ది. నీళ్ళు మీ ముందరే ఉన్నాయి. మీరొక మాట రాయండి, ఈ అన్న షట్టరు లేపుతాడు.”

“అమ్మా, నాది నేల. నీళ్ళు నావి కావు.”

శుక్రవారం రెవిన్యూ ఆఫీసులో ఆ అర్జీకి గడువు ముగిసే వేళయింది. గడువు దాటితే తహసీల్దారు పేరు ఎర్రక్షరాల్లో పడుతుంది. పోర్టల్‌లో అర్జీ మూసేయాలంటే గ్రామం పేరు నింపాలి. జాబితాలో పరికరం లేదు. జాబితా కింద ‘ఇతరములు’ అని ఒక గడి ఉంది. గుమాస్తా అందులో ‘పరికరం’ అని కొట్టి, సర్వేయరు గారి హద్దులు అతికించి, ఎంటర్ నొక్కాడు.

ఊరు పుట్టింది.

ప్రభుత్వం ఒక ఊరు కట్టాలంటే పదేళ్ళు పడుతుంది. ఒక ఊరు ముంచాలంటే ఒక ప్రాజెక్టు కావాలి. పుట్టించడానికి ఇంత సుళువని గుమాస్తాకే తెలీదు. కొత్త గ్రామం పుట్టిందన్న కబురు యంత్రమే అన్ని శాఖలకీ మోసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. శనివారానికి విద్యాశాఖ పరికరం గ్రామంలో బడి ఈడు పిల్లలెంతమందని అడిగింది. పశువుల ఆస్పత్రివాళ్ళు గాలికుంటు టీకాలు కేటాయించారు. ఆదివారానికి నీటి వ్యవహారాల శాఖ తెరమీద కొత్త చుక్క వెలిసింది. కొత్త గ్రామం, నీటి సరఫరా సున్నా. చుక్క ఎర్రగా ఉంది.

ఆ మూడు రోజులూ పల్లపుగరువు శివారులో మాత్రం ఏ చుక్కా మారలేదు. అక్కడ నీళ్ళివ్వలేదని తెరమీద ఎర్రబడదు. అనుమతి అడగలేదు కాబట్టి అవసరం లేదని లెక్క. చంద్రమ్మ బిందెలతో తోడి గట్టువారగా పోసుకుంది. రెండెకరాలకి బిందెతో ఏమందుతుంది? ఏనుగు దాహానికి ఉగ్గుగిన్నె. ఏసుపాదం హ్యాండిలు పట్టుకుని షట్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ ఆఖరి బల్లమీదున్న ఫైలు కళ్ళకి కట్టింది. వెనక్కి వచ్చి కూచున్నాడు. చంద్రమ్మ చూసి, బిందె ఎత్తుకుని మళ్ళీ కాలవలోకి దిగింది.

సోమవారం, ఎనిమిదో రోజు, ఏఈ గారు జీపులో వచ్చారు. ఇరవయ్యారేళ్ళలో ఆ తూము దగ్గరికి జీపు రావడం అదే మొదలు.

“ఏసుపాదం! పరికరం గ్రామానికి తక్షణం నీరు విడుదల చెయ్యాలి. పైనుంచి రెండుసార్లు ఫోను. నూతన గ్రామాల పట్ల నిర్లక్ష్యమా అని అడుగుతున్నారు.”

“సాక్షి దిగలేదండి ఇంకా. స్థలం లేదు.”

“జలసాక్షిలో పరికరం గ్రామం ఇంకా చేరలేదు. చేరని గ్రామానికి యాప్ నిబంధన వర్తించదు. పాతపద్ధతిన, చేత్తో వదలొచ్చు.”

ఏసుపాదం ఆయన మొహం వంక చూశాడు. పరికరం అంటే ఏమిటో ఏఈ గారికి తెలీదా? తెలుసు. ఆ అర్జీ ఆయన బల్లమీంచే పోయింది. తెలిసినట్టు కనబడకపోవడమే ఉద్యోగం.

“కాగితం మీద రాసివ్వండి బాబూ.”

“మౌఖికంగా చెప్పారయ్యా.”

“అయితే మౌఖికంగా లేపుతానండి,” అని ఏసుపాదం చప్టామీద చతికిలబడ్డాడు.

ఏఈ గారు జీపు బానెట్టు మీదే రాశారు: “పరికరం గ్రామ ఆయకట్టునకు సాగునీరు తక్షణమే విడుదల చేయవలసినదిగా ఆదేశించడమైనది.” సంతకం, తేదీ, ముద్ర. ఏసుపాదం రెండుసార్లు చదువుకుని మడిచాడు.

“ఇంతకీ నీరు ఎటు పంపుతావు?” ఏఈ గారు అటూ ఇటూ చూశారు. “పరికరం ఎటుంది?”

ఫోను ఏసుపాదం చొక్కా జేబులో ఉంది. అతను చెయ్యి చాచి కాలవ చివరికి చూపించాడు.

“చంద్రమ్మ చేను దాటాక వస్తదండి.”

“సరే, దారిలో వృథా కాకుండా చూడు.”

“దారిలో నేల కొంచెం తాగుద్దండి. దానికి చదువు లేదు.”

హ్యాండిలు తిరిగింది. ఎనిమిది రోజులుగా తలుపుకి ఆనుకుని ఉన్న నీళ్ళు ఒక్కసారి కింద పడేసరికి గట్టుమీది కొంగలు లేచిపోయాయి. చంద్రమ్మ పరుగెట్టలేదు. పార తీసుకుని బోదెవెంట, నీటి మొదటి నాలుక పక్కనే, దాంతోపాటే నడుచుకుంటూ చేలోకి వెళ్ళింది.

మంగళవారం పొద్దున్న సర్వేయరు దయానిధి గారూ ఏఈ గారూ కలిసి వచ్చారు. చుక్క ఇంకా పచ్చబడలేదు. నీరందినట్టు గ్రామస్థుల్లో కనీసం ఒకరి వేలిముద్ర కావాలిట. నమూనా కాగితం, సిరాపెట్టి తెచ్చారు.

చంద్రమ్మ గట్టుమీద ఉంది. రెండెకరాల్లో పైకొస ఎకరం తడి తగిలి తలెత్తింది. కిందికొస ఎకరం గింజ కట్టకుండానే తెల్లబోయింది. ఆ తెల్లకంకులు గుప్పెడు పీకి చేతిలో పట్టుకుంది. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి. ఆవిడ వెనకాల శివారు రైతులు ఓ పాతికమంది, అందరివీ అలాంటి చేతులే.

“చంద్రమ్మగారూ,” అన్నారు ఏఈ గారు. నీళ్ళడిగినన్నాళ్ళూ ఆ ‘గారు’ లేదు. “ఇక్కడొక వేలిముద్ర వెయ్యండి. పరికరం గ్రామ నివాసిగా.”

“నాది పల్లపుగరువు గదా.”

“లాంఛనమమ్మా. నీళ్ళు అందిన ఊరు అది. ముద్ర వేసినవాళ్ళు ఆ ఊరివాళ్ళవుతారు.”

“ఆ ఊరికి యాప్ ఉందా?”

“ప్రస్తుతానికి లేదు.”

“మా పల్లపుగరువుకి?”

“ఉంది. ఉంటుంది.”

చంద్రమ్మ తెల్లకంకులు ఆయన నమూనా కాగితం మీద పెట్టింది. పెట్టి, బొటనవేలు సిరాలో ముంచి, వాటి పక్కనే గట్టిగా అద్దింది. “అయితే నన్నొక్కదాన్నీ కాదు. మా శివారు మొత్తాన్నీ ఆ ఊరికి రాసెయ్యండి బాబూ.”

దయానిధి గారు నవ్వబోయి మానేశారు. “ఎలా రాస్తామమ్మా? లేని ఊరికి మనుషుల్ని ఎలా రాస్తాం?”

“లేని ఊరికి నీళ్ళు రాశారుగా,” అంది చంద్రమ్మ. “మనుషుల్ని రాయడానికి మీకేమొచ్చింది?”

ఆవిడ పక్కకి తప్పుకుంది. వెనకాల పాతికమందీ చేతులు పంచెలకి తుడుచుకుని వరస కట్టారు. ఆఖర్న నేలపాటి ఏసుపాదం నిలబడ్డాడు.